ఓబుళమ్మ తుపాకికి ప్రశంసాపత్రం

మా జిల్లాలో తుప్పు ఉందన్న సంగతి ప్రభుత్వానికి జూన్ నెల మూడో వారంలో తెలిసింది. అంతకుముందు కూడా ఉండేది గానీ రికార్డులో లేదు. కొత్తగా వచ్చిన పెద్దాఫీసరు గారు ఒకరోజు పొద్దున తన బంగళా గేటు తానే తీసుకోవలసి వచ్చింది. తీయవలసిన మనిషి ఆ సమయానికి వారి కుక్కను డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. అయ్యగారి తెల్లచొక్కా మీద అరచేయంత ఎర్రమరక పడింది. ఆ గేటుకు రంగు వేయించమని కోరే ఫైలు ఏడాదిన్నరగా మా సెక్షన్లోనే ఉంది. అది వేరే విషయం.

మధ్యాహ్నానికల్లా ‘తుప్పు రహిత జిల్లా’ పథకం పుట్టింది. సాయంత్రానికి దానికి ఒక గుర్తు కూడా వచ్చింది, నవ్వుతున్న మేకు. వారం తిరిగేలోపు బడిపిల్లలు ఆ మేకు బొమ్మలు పట్టుకుని రెండు ర్యాలీలు చేశారు. ఒక ర్యాలీలో ఇద్దరు పిల్లలు ఎండకు పడిపోయారు గానీ ఆ సంగతి దోమల విభాగం లెక్కలోకి వెళ్లింది, మాకు రాలేదు.

పథకానికి ప్రత్యేకాధికారిగా విశ్వంభరరావు గారిని వేశారు. ఆయన అప్పటిదాకా దోమల నివారణకు ప్రత్యేకాధికారి. దోమలు ఉన్నచోటే ఉండగా ఆయన్ను తుప్పుకు మార్చారు. ఆయన కింద రాతకోతలకు నన్ను వేశారు. నా పేరు కేశవులు, పదకొండేళ్లుగా జూనియర్ అసిస్టెంటును.

“నిర్వచనం లేనిదే నివారణ లేదు కేశవులూ. ముందుగా తుప్పును నిర్వచించుము” అన్నారు విశ్వంభరరావు గారు.

రెండు రోజులు కూర్చుని రాశాను. “తుప్పు అనగా, ఇనుముపై గానీ, ఇనుము కలిగిన ఏ వస్తువుపైన గానీ, కాలక్రమమున లేక మానవ ప్రయత్నమున ఏర్పడిన ఎరుపు, గోధుమ లేక తత్సమాన వర్ణము గల పొర.” ఆయన మూడుసార్లు చదువుకుని, ఎక్కడా ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టారు. పదకొండేళ్ల ఉద్యోగంలో నా వాక్యం ఒకటి యథాతథంగా అచ్చవడం అదే మొదటిసారి. ఇంటికి తీసుకుపోయి మా ఆవిడకు చూపించాను. ఆవిడ చదివి, బియ్యం అయిపోయాయంది.

నిర్వచనం అమల్లోకి రాగానే దాని బలం తెలిసింది. ఆఫీసు గేట్లకు, బడి కిటికీలకు రంగు వేసేవాళ్లు ముందు ఎర్ర ప్రైమరు పూస్తారు. దాని మీద సిల్వర్ పెయింటు వేస్తారు. విశ్వంభరరావు గారు తనిఖీకి వెళ్లి ప్రైమరు చూశారు. “ఎరుపు వర్ణము. ఇనుముపై. మానవ ప్రయత్నమున. మూడు లక్షణములూ కలవు” అన్నారు. ఆ రోజు నుంచి జిల్లాలో ప్రైమరు నిషేధం. సిల్వర్ పెయింటు తిన్నగా తుప్పు మీదే కొట్టారు. మొదటి వానకు అది బొబ్బలెక్కి ఊడింది. మళ్లీ కొట్టారు. కోమట్ల అంగళ్లలో ఇనప్పెట్టెల మీది కుంకుమ బొట్లు కూడా తుడిపించారు. ఎవరూ నోరెత్తలేదు, ఎందుకంటే నిర్వచనం స్పష్టంగా ఉంది.

జులై మొదట్లో లైసెన్సు తుపాకుల మీద సర్క్యులర్ తీశాం. ఆగస్టు పదిహేనులోగా తుప్పు లేదన్న ధ్రువపత్రం తీసుకోని తుపాకుల లైసెన్సులు రద్దు. టైపు చేసింది నేనే. నూట నలభై ప్రతులు తీసి కవర్లలో పెట్టి పంపాను. చేసేటప్పుడు నాకు మా పెద్దమ్మ గుర్తుకు రాలేదు.

నాలుగో రోజు ఆవిడే వచ్చింది. మా అమ్మకు అక్క, పేరు ఓబుళమ్మ, అరవై రెండేళ్లు. కొండ కిందనే నాలుగెకరాల చెనిక్కాయ చేను, అంటే వేరుశనగ, పెద్దనాన్న పోయినప్పటి నుంచి ఒక్కతే చేసుకుంటోంది. చంకలో గోనెసంచి చుట్టిన పొడుగాటి మూట ఉంది. చేతిలో మా కవరు ఉంది.

“కేశవా, ఇది మీ ఆఫీసు కాయితమేనా? మా ఊరి అయ్యవారు చదివి, నీ తుపాకి ఎత్తకపోతారంట అన్యాడు.”

మూట విప్పింది. జోడు గొట్టాల పాత తుపాకి. ఆవిడ మామ ఎప్పుడో కొన్నది, మామ నుంచి మొగుడికి, మొగుడి నుంచి ఆవిడకు పంట రక్షణ లైసెన్సుతో వచ్చింది. చెక్క పిడి ఇప్పటికీ నున్నగా ఉంది. గొట్టాలు మాత్రం పొడుగునా ఎర్రబారి గరుకు తేలి ఉన్నాయి.

“ఇదెట్లాయె పెద్దమ్మా?”

“నన్నడుగుతావా? ఎలచ్చన్లని చెప్పి టేసన్లో పెట్టుకునిరి. పోయినేడు రెండు మాట్లు. ఆ ఎనక రూములో వాన కురిస్తే నీళ్లు నడుములోతు. నేనిచ్చినప్పుడు కాటుక మాదిరి ఉండె. వాళ్లు తిరిగిచ్చినప్పుడు బెల్లం మాదిరి ఉండాది.”

అది నిజమే. కానీ సర్క్యులర్లో తుప్పు ఎవరి వల్ల పట్టిందన్న కాలమ్ లేదు. ఉండాలని నాకు తట్టలేదు.

“కాయ ఊరే టయానికి ఇది నా చేతిలో ఉండాల నాయనా” అంది. “అడవిపందులు టపాకాయలకు బెదరడం మానుకున్యాయి. పళ్లెం కొడితే నిలబడి చూస్తాండాయి. ఇది గాల్లోకి రెండు దెబ్బలు పేలిస్తేనే కొండెక్కుతాయి. ఇది లేకుంటే నాలుగెకరాలు వాటికి ఒక పూట పని. నా ఏడాది తిండి అదే కదరా.”

సిల్వర్ పెయింటు కొట్టిస్తే ధ్రువపత్రం వచ్చేస్తుందని నాకు తెలుసు. ఆ మాట అంటే ఆవిడ నా వంక చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. “ఇది గేటా?” అంది.

తుపాకులు బాగుచేసే లైసెన్సు మా జిల్లా మొత్తానికీ ఒక్క మనిషికే మిగిలింది. గడియారం వీధి చివర దూదేకుల హుసేనప్ప. డెబ్బై దాటినా చెయ్యి వణకదు. గొట్టాన్ని కిటికీ వెలుతురుకు పట్టి లోపలికి చూశాడు, వేలి గోటితో పైన గీకాడు.

“లోపల శుభ్రంగా ఉండాది. పైన మటుకే తినింది. నీలం పట్టిస్తా. కొత్తదాని మాదిరి వస్తాది. పదైదు దినాలు కావాల.”

“అన్ని రోజులెందుకు?” అన్నాను నేను.

“చెప్తా విను. ఈ తుప్పంతా గీకేస్తా. తెల్లగా చేస్తా. సున్నప్పొడితో జిడ్డు తీసేస్తా. ఆపైన మందు పూసి తడి గోనెపట్టల పెట్టెలో యాలాడదీస్తా. మర్నాటికి సన్నంగా తుప్పు పడతాది. దాన్ని వాననీళ్లలో మసలబెడితే ఎర్రది నల్లగా మారతాది. తీగ బ్రష్షుతో మెత్తగా రుద్దితే పైపొడి పోయి నలుపు నిలబడతాది. మళ్లీ మందు, మళ్లీ తుప్పు, మళ్లీ నీళ్లు. అట్ల ఏడుమాట్లు. అప్పుడు నూనె పడితే నీలంగా మెరుస్తాది. ఇంగ ముప్పై ఏండ్లు దాని జోలికి తుప్పు రాదు.”

“అంటే తుప్పు పోవడానికి తుప్పు పట్టిస్తావు.”

“అంతే గదా. మా నాయన అట్లనే చేస్య, వాళ్ల నాయనా అట్లనే చేస్య.”

పెద్దమ్మకు అది వెంటనే అర్థమైంది. పాలు తోడుపెట్టినట్టు అనుకుందో ఏమో, తలూపి తుపాకి అక్కడ పెట్టి ఊరికి పోయింది. నాకు మాత్రం నా నిర్వచనంలోని ‘మానవ ప్రయత్నమున’ అన్న మాట గుర్తొచ్చింది.

పని మొదలుపెట్టిన ఆరో రోజున విశ్వంభరరావు గారు జీపు తీయించారు. తుపాకులు బాగుచేసే చోటును కూడా తనిఖీ చేయాలని పైనుంచి వచ్చిందట. పంచనామా రాయడానికి నన్ను ఎక్కించుకున్నారు. దారిలో రెండుసార్లు కడుపునొప్పి అన్నాను. ఆఫీసు వాహనంలో కడుపునొప్పికి అనుమతి లేదన్నారు.

హుసేనప్ప అప్పుడే పెట్టె మూత తీశాడు. అది మూడో తుప్పు. రెండు గొట్టాలూ తలనుంచి తోకదాకా ఇటుకరంగులో, ఒక్క చోటైనా ఖాళీ లేకుండా, నిండుగా తుప్పు పట్టి ఉన్నాయి. ముసలాయన సంతోషంగా మా వైపు తిప్పి చూపించాడు. “చూడండి సారూ, ఎంత సమంగా పట్టిందో. ఇంత బాగ పట్టడం కష్టం.”

విశ్వంభరరావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

“ఇది స్వయముగా ఏర్పడినదా, లేక నీవు ఏర్పరచితివా?”

“నేనే సారూ. నా చేత్తోనే.”

“ఎన్ని పర్యాయములు?”

“ఇది మూడోది. ఇంగా నాలుగు ఉండాయి.”

“కేశవులూ, వ్రాయుము. ముద్దాయి మూడు పర్యాయములు తుప్పును ఉత్పత్తి చేసి, మరి నాలుగు పర్యాయములు ఉత్పత్తి చేయు ఉద్దేశమును స్వచ్ఛందముగా వెల్లడించినాడు.”

“సార్, చివరికి అది నల్లబడుతుందట” అన్నాను.

“చివర సంగతి చివర. తనిఖీ దినమున ఏమున్నదో అదే సత్యము.”

రాశాను. గొట్టాలు, విప్పి పక్కన పెట్టిన పిడి, మందు సీసా, సగం వాననీళ్లున్న బిందె, తీగ బ్రష్షు స్వాధీనం చేసుకున్నాం. “సారూ, ఈ పొద్దు ఉడకబెట్టకుంటే గొట్టాలకు గుంతలు పడతాయి. ఒక్క గంట ఇయ్యండి” అని ముసలాయన జీపు దాకా వచ్చాడు. స్వాధీనమైన వస్తువును ఉడకబెట్టేందుకు నిబంధన లేదని ఆయనకు చెప్పాం. చెప్పింది నేనే.

విచారణకు ఒక కమిటీ వేశారు. హుసేనప్ప తన పని మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. కమిటీకి నమ్మకం కుదరక, పాలిటెక్నిక్ నుంచి ఒక లెక్చరరు గారిని నిపుణుడిగా పిలిపించారు. కుర్రాయన, పేరు దివాకర్. పాపం ముసలాయనకు సాయం చేద్దామనే వచ్చాడు.

“పెద్దాయన చెప్పింది నూటికి నూరుపాళ్లు సరి అండి. ఎర్రటిదీ నల్లటిదీ రెండూ ఇనుముకు పట్టే తుప్పులే. నల్లది గట్టిగా అతుక్కుని లోపలి ఇనుమును కాపాడుతుంది. తుపాకుల మీద మీరు చూసే ఆ నీలినలుపు మెరుగంతా అదేనండి.”

నేను ‘నల్లటిదీ’ దగ్గర రాయడం ఆపాను.

“అనగా, నల్లగా ఉన్నది కూడా తుప్పే అందురు” అన్నారు విశ్వంభరరావు గారు.

“ఒక రకంగా అంతేనండి, కానీ…”

“కానీ అన్నది రికార్డులో అవసరం లేదు. జిల్లాలో నల్లగా ఉన్న ప్రతి తుపాకియు తుప్పుతో కప్పబడి ఉన్నదని నిపుణులు ధ్రువీకరించినారు. ఇన్ని సంవత్సరములు ఈ సత్యము మన కన్నుగప్పినది.”

దివాకర్ గారు తర్వాత కారిడార్లో నా చెయ్యి పట్టుకుని, నేనేం తప్పు మాట్లాడానండీ అని అడిగారు. తప్పేమీ మాట్లాడలేదని చెప్పాను. అదే చిక్కు.

ఆ సాయంత్రమే నిర్వచనాన్ని సవరించాం. ‘ఎరుపు, గోధుమ’ తర్వాత ‘నలుపు, నీలము’ చేర్చాం. దాంతో సాయుధ పోలీసుల దగ్గరున్న అరవై రైఫిళ్లు కూడా మా పరిధిలోకి వచ్చాయి. పోలీసువారు ముందు ఒప్పుకోలేదు. తుప్పు పట్టిన ఆయుధాలతో స్వాతంత్ర్య దినం నాడు పెద్దాఫీసరు గారికి వందనం చేస్తారా అని లేఖ రాశాం. ఒప్పుకున్నారు. హుసేనప్ప లైసెన్సును, తుప్పు తయారీ నేరం కింద సస్పెండు చేశాం. గేట్లకు కొట్టిన సిల్వర్ పెయింటే ఇంకా ఇరవై డబ్బాలు మిగిలి ఉంది. ఆదేశంలో “లోపలి, వెలుపలి సమస్త ఉపరితలములకు” అని ఉండడంతో, రంగులవాళ్లు పొడుగు కర్రకు గుడ్డ చుట్టి గొట్టాల లోపల కూడా శ్రద్ధగా పూశారు. మా పెద్దమ్మ తుపాకి అప్పటికి మా కస్టడీలోనే ఉంది కాబట్టి వరసలో మొదట దానికే పూశారు. పని బాగుందో లేదో చూడమని నన్నే పంపారు. కళ్లు మిరుమిట్లు గొలిపేట్టు ఉంది. నాకు ఏడుపొచ్చింది. ‘తృప్తికరము’ అని రాసి వచ్చాను.

ఆగస్టు పదిహేను నాడు పరేడు మైదానంలో సిల్వర్ రైఫిళ్లు ఎండకు తళతళలాడాయి. జనం చప్పట్లు కొట్టారు. గౌరవసూచకంగా గాలిలోకి మూడు రౌండ్లు కాల్చాలి. కమాండరు అరిచాడు. ఇరవై నాలుగు రైఫిళ్లు ‘టిక్’ మన్నాయి. మళ్లీ అరిచాడు. మళ్లీ ‘టిక్’ మన్నాయి. మూడోసారి ఆయన కాస్త నెమ్మదిగా అరిచాడు. శబ్ద కాలుష్యానికి తావులేకుండా వందనం సమర్పించిన తొలి జిల్లా మాదేనని విశ్వంభరరావు గారు మైకులో ప్రకటించారు. పెద్దాఫీసరు గారు తల పంకించారు.

తర్వాత బహుమతులు. జిల్లాలోకెల్లా అత్యుత్తమ తుప్పు రహిత వ్యక్తిగత ఆయుధంగా మా పెద్దమ్మ తుపాకిని ఎంపిక చేశారు. నేను రికమెండు చేయలేదు. ఎర్రటి స్థితిలో ఫోటో, తెల్లటి స్థితిలో ఫోటో రెండూ ఫైల్లో ఉన్నది ఆ ఒక్కదానికే. పెద్దమ్మను వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, నవ్వుతున్న మేకు బొమ్మ ఉన్న ప్రశంసాపత్రం, దానితోపాటు తుపాకి ఇచ్చారు. పెద్దాఫీసరు గారి సంతకం, ముద్ర.

ఆవిడ పత్రాన్ని చంకలో పెట్టుకుని, అందరి ముందే తుపాకిని మోకాలికి ఆనించి తూటా పెట్టే చోటు విప్పబోయింది. రాలేదు. బలంగా విప్పబోయింది. రాలేదు.

“సామీ, ఇది తెరుచుకోల్యా. ఇది పేల్తాదా?”

విశ్వంభరరావు గారు ఓపికగా వంగి చెప్పారు. “అమ్మా, ఈ ప్రశంస తుప్పు నివారణకు సంబంధించినది. పేలుట మా పథకం పరిధిలోనికి రాదు.”

మర్నాడే తుపాకి తీసుకుని ఇద్దరం హుసేనప్ప దగ్గరికి పోయాం. రంగు కరిగించి మళ్లీ మొదట్నుంచీ చేస్తానన్నాడు, లైసెన్సు ఉన్నా లేకున్నా సరేనన్నాడు. కానీ అప్పటికే వీధిలో పోలీసు వ్యాను నిలబడి ఉంది. సిల్వర్ పూసిన అరవై రైఫిళ్లూ దించుతున్నారు. రాతపూర్వకంగా కాదు, నోటిమాటగా వచ్చిన ఆదేశం. లైసెన్సు సస్పెన్షన్లో ఉన్నందున పని జరగనట్టే జరగాలి. ఒక కానిస్టేబులు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

“ముందు ఆమెది చేస్తా నాయనా. పదైదు దినాలే. చేనుకు పందులొస్తాయంట” అన్నాడు హుసేనప్ప.

“సర్కారు పని ముందు తాతా. అరవై అయినంక అరవై ఒకటోది ఆమెది” అన్నాడు కానిస్టేబులు. అతనికి కూడా ఇష్టం లేదని మొహంలోనే తెలుస్తోంది. అతని తండ్రిదీ చెనిక్కాయ చేనేనట.

పెద్దమ్మ తుపాకిని మూలన ఆనించి, వచ్చిన బస్సుకే పోయింది.

సెప్టెంబరు రెండో వారంలో పందులు దిగాయి. నేను పోయేసరికి చేను చేనులా లేదు. కొండ అంచు నుంచి బావి దాకా నేలంతా తిరగదోడి ఉంది. తీగలు వేళ్లతో సహా పైకి లేచి వాడిపోయాయి, ఒక్కదానికీ కాయ లేదు. పెద్దమ్మ వంగి ఆ తీగలే ఏరి పశువుల కోసం కుప్ప వేస్తోంది. పళ్లెం కొట్టీ కొట్టీ చేతులు వాచి ఉన్నాయి. “నిలబడి చూస్తాండె కేశవా, నన్ను చూస్తానే తినె” అంది.

అడవిపందుల వల్ల పంట పోతే ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. దరఖాస్తు నేనే రాశాను, జీవితంలో అంత బాగా ఏదీ రాయలేదు. అది నాలుగు సెక్షన్లు తిరిగి, తుపాకి ఉన్న రైతు కాబట్టి అభిప్రాయం కోసం చివరికి మా సెక్షన్‌కే వచ్చింది.

విశ్వంభరరావు గారు చెబుతూ పోయారు. “దరఖాస్తుదారు వద్ద పంట రక్షణకై లైసెన్సు పొందిన ఆయుధము కలదు. సదరు ఆయుధము జిల్లాలోనే అత్యుత్తమ స్థితిలో ఉన్నట్లు ప్రశంసాపత్రము ద్వారా ధ్రువీకరింపబడినది. అట్టి ఆయుధము ఉండియు పంటను కాపాడుకొనకపోవుట దరఖాస్తుదారు నిర్లక్ష్యము. కావున…”

“సార్, ఆ తుపాకి పేలదు సార్. మీకూ తెలుసు.”

ఆయన పెన్ను కింద పెట్టి నా వైపు చూశారు. కోపంగా ఏం చూడలేదు. నిజం చెప్పాలంటే కాస్త జాలిగానే చూశారు.

“అయితే ప్రశంసాపత్రము తప్పని వ్రాయమందువా? దానిమీద సంతకమెవరిది?”

నేను ‘కావున’ తర్వాత ‘తిరస్కరించడమైనది’ అని రాశాను. రాయకుంటే ఇంకొకడు రాసేవాడు, అయినా రాసింది నేనే.

తపాలాలో పంపడానికి మనసొప్పక, ఆదివారం నేనే తీసుకుపోయాను. పెద్దమ్మ వసారాలో కూర్చుని ఉంది. చదవడం రాదు కాబట్టి నేను చదవాలి. మొదలుపెట్టాను.  ‘నిర్లక్ష్యము’ దగ్గర ఆగిపోయాను.

“ఎవురు రాసిరి ఇది?” అంది.

“నేనే పెద్దమ్మా.”

 తిడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

“ఈ ఎండకు బస్సులో ఏమీ తినకుండా వచ్చింటావు. కూచో” అని లోపలికి పోయింది.

పళ్లెంలో సంకటి ముద్ద, పక్కన ఊరిబిండి వేసి తెచ్చింది. చిన్నప్పటి నుంచీ ఆవిడ చేతి ఊరిబిండి నాకు ప్రాణం. తొలి కోతకు వచ్చిన చెనిక్కాయలు వేయించి నూరేది, వాకిట్లోకి వాసన వచ్చేది. నేను ముద్ద తుంచాను.

“అంగట్లో తెచ్చిన కాయలు” అంది ఆవిడ, నా ఎదురుగా కూర్చుంటూ. “రోంత ముక్కిపోయినాయి. ఏమనుకోవాకు నాయనా.”

కొంచెం కూడా మిగల్చకుండా తిన్నాను.